ఠాణాలోని వ్రాత, పౌరుని తలవ్రాత

సామాన్య ప్రజలకు ప్రభుత్వముతో ప్రత్యక్షముగా పని పడెడి తావులు రెండు మూడింటికి మించవు. భూమి పట్టాకై తహసీలు కచేరీకి పోవుదురు. బియ్యమునకై చౌకధరల దుకాణమునకు పోవుదురు. ఆపద వచ్చినప్పుడు పోలీసు ఠాణాకు పోవుదురు. మొదటి రెండుచోట్ల ఆలస్యము జరిగినచో మరునాడు పోవచ్చును. మూడవచోట మొదటి దినమున జరిగిన లోపము, తరువాత ఎన్ని దినములు తిరిగినను దిద్దబడుట కష్టము. ఏలయనగా ఠాణాలో మొదట వ్రాయబడిన నాలుగు పంక్తులే పిమ్మట న్యాయస్థానమున వ్యవహారమునకు పునాది యగుచున్నవి. అచ్చట వ్రాయబడనిది జరుగనిదిగానే ఎంచబడును. ఈ వ్రాతలెన్ని విధములో, ఏ వ్రాతకు ఎంత బలమో, దేనిపై సంతకము చేయవలెనో, దేనిపై చేయనక్కరలేదో మన ప్రజలలో నూటికి పదిమందికైనను తెలియదని చెప్పిన తప్పు గాదు.

నస్పూరును ఉదాహరణముగా తీసికొందము. గోదావరి తీరమున, సింగరేణి సంస్థవారి శ్రీరాంపురము గనుల నడుమ నున్న ఈ ఊరు 2018లో పురపాలక సంఘమై, 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసినది. 2016లో ఆదిలాబాదు నుండి వేరుపడిన మంచిర్యాల జిల్లాకు కలెక్టరు కార్యాలయము ఇచ్చటనే కట్టబడినది. సి.సి.సి. యని జనులు పిలిచెడి ప్రాంతమున పోలీసు ఠాణా కలదు. అది రామగుండము పోలీసు కమిషనరేటునకు లోబడినది. గనిలో దిగు కార్మికుడు, క్వార్టర్లలో కాపురముండు ఇల్లాలు, పరదేశము నుండి వచ్చిన కాంట్రాక్టు కూలీ, ఏటియొడ్డున సేద్యము చేయు రైతు, వీరందరును ఆపద వచ్చినపుడు ఠాణా గడప త్రొక్కవలసినవారే. అట్టి ప్రతి ఠాణాలోను బల్లవద్ద కలము పట్టి కూర్చుండు స్టేషను రైటరు వారి మాటను కాగితముపై పెట్టును. చట్టమున ఆతనికి గొప్ప స్థానము లేదు. ఆచరణమున మాత్రము న్యాయస్థానపు తలుపు తాళపుచెవి ఆతని చేతిలోనే యున్నది.

ఒక క్రియాపదము చేయు పని

ఆ కలమున కెంత శక్తి గలదో ఒక చిన్న ఉదాహరణము చెప్పెదము. మన తెలుగువారు వస్తువు దొంగిలింపబడినను "పోయినది" అనియే యందురు. బస్సులో జేబునుండి ఫోను తీయబడిన కార్మికుడు ఠాణాకు వచ్చి "నా ఫోను పోయినది" అనును. రైటరు దానిని దొంగతనముగా వ్రాసిన నేరము, కేసు, దర్యాప్తు పుట్టును. జారిపోయినట్లు వ్రాసిన ఒక రసీదు మాత్రమే పుట్టును. ఒక్క క్రియాపదమున దొంగ మాయమగుచున్నాడు! అట్లే, "నన్ను కొట్టినారు" అని వచ్చినవాని మాట "ఇరుపక్షములును కొట్టుకొనినవి" అని కాగితమునకెక్కినచో, దెబ్బలు తిన్నవాడును ముద్దాయియే యగును. "చంపినారు" అనిన తల్లి మాట "అనుమానాస్పద స్థితిలో మరణించినాడు" అని మారినచో, హంతకుడు కొన్ని నెలలు నిశ్చింతగా నిదురించును. వ్రాసినవాడు అబద్ధమాడినాడనుటకు వీలులేదు. భాషను కొంచెము వంచినాడు, అంతియే. కావున ఈ వ్రాతల సంగతి పోలీసువారి యింటి వ్యవహారము కాదు. ఇది ప్రతి పౌరుని స్వేచ్ఛకు సంబంధించినది.

వ్రాతలు ఎన్ని విధములు?

ఠాణాలోని వ్రాతలను క్రమముగా చూతము. మొదటిది దినచర్య పుస్తకము. 1861 నాటి పోలీసు చట్టము 44వ సెక్షను ననుసరించి, ప్రతి ఠాణాలోను వచ్చిన ఫిర్యాదులు, పట్టుబడినవారి పేర్లు, స్వాధీనమైన వస్తువులు నమోదు చేయు డైరీ యుండవలెను. నేడు దీనిని జనరల్ డైరీ యందురు. ఠాణాకు ఎవరు వచ్చిరి, ఎప్పుడు వచ్చిరి, ఏ జవాను ఏ వేళ ఎచ్చటికి పోయెను అనునవి ఇందుండును. ఒక మనిషిని ఠాణాలో రెండు దినములుంచుకొని, మూడవనాడు అరెస్టు చూపుట యను దురాచారమును పట్టుకొనుటకు ఈ పుస్తకమే మొదటి సాక్షి.

రెండవది ప్రథమ సమాచార నివేదిక, అనగా అందరికిని తెలిసిన ఎఫ్.ఐ.ఆర్. మూడవది సాక్షుల వాఙ్మూలములు. నాలుగవది పంచనామాలు: శవపంచనామా, నేరస్థల పంచనామా, వస్తువులను స్వాధీనపరచుకొన్న పంచనామా. అయిదవది అరెస్టు మెమో, దానితో పాటు మేజిస్ట్రేటునకు పంపు రిమాండు రిపోర్టు. ఆరవది దర్యాప్తు అధికారి దినదినము వ్రాసెడి కేసు డైరీ. ఏడవది తుది నివేదిక. నేరము రుజువగునని తోచిన దానిని ఛార్జిషీటు అందురు, లేదని తోచిన కేసు మూసివేయుట యందురు. ఇవి గాక న్యాయస్థానమును చూడని వ్రాతలు కొన్ని కలవు. అవి రౌడీషీటులు, అనుమానితుల పట్టికలు, గూఢచారి శాఖవారి రహస్య నివేదికలు.

ఈ పత్రములన్నింటికి ఒకే విలువ లేదు. ఎఫ్.ఐ.ఆర్. దర్యాప్తునకు ఆరంభమే కాని రుజువు గాదు. పోలీసు వ్రాసుకొన్న సాక్షి వాఙ్మూలముపై సాక్షి సంతకము చేయనక్కరలేదు, చేయించుకొనరాదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 181వ సెక్షను ఆ మాటను స్పష్టముగా చెప్పుచున్నది. ఆ సాక్షి న్యాయస్థానమున వేరు మాట చెప్పినపుడు, ఆ భేదమును చూపుటకు మాత్రమే అది పనికివచ్చును. పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారము రుజువుగా చెల్లనే చెల్లదు. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమము 23వ సెక్షనులో ఈ సూత్రము నిలిచియున్నది. ఆ అంగీకారమువలన ఒక వస్తువు బయటపడినచో, అంతమేర మాత్రము మాట చెల్లును. "నేరము ఒప్పుకొన్నాడు" అని ముద్దాయిని వరుసగా నిలబెట్టి పత్రికల వారికి చూపుటకు చట్టములో ఎట్టి విలువయు లేదని పాఠకులు గ్రహింతురుగాక.

ఈ అపనమ్మకము ఎట్లు పుట్టినది?

చట్టము తన పోలీసు వ్రాసిన వాఙ్మూలమునే నమ్మదేమి యని కొందరడుగుదురు. దానికి చరిత్రయే సమాధానము. కుంఫిణీ పాలనమున చెన్నపురి రాజధానిలో శిస్తు వసూలునకును, నేరాంగీకారమునకును రైతులను చిత్రహింసలు పెట్టుచుండిరని గగ్గోలు పుట్టగా, 1855లో ఒక విచారణ సంఘము నివేదిక సమర్పించినది. కోస్తా, రాయలసీమల తెలుగు జిల్లాలును ఆ రాజధానిలోనివే. దొరతనమువారు తమ నౌకరుల దుండగమును తామే ఒప్పుకొనవలసి వచ్చినది. అనంతరము 1859లో చెన్నపురికి వేరుగ పోలీసు చట్టము వచ్చినది. 1861లో దేశమునకు పోలీసు చట్టమును, మొదటి క్రిమినలు ప్రొసీజరు కోడును పుట్టినవి. 1872 నాటి సాక్ష్య చట్టము పోలీసు యెదుట నేరాంగీకారమును త్రోసివేసినది. ఆ పరదేశ ప్రభుత్వమే తన పోలీసును నమ్మకపోయెను. తానే ఆ పోలీసును మాత్రము మన మీద నుంచెను!

గోదావరికి ఈ వైపున, నైజాము రాజ్యమున కథ మరియొక రీతిది. ఇచ్చట గ్రామమున పోలీసు పటేలు, పైన అమీను. కచేరీ భాష ఉర్దూ. తెలుగు రైతు తన గోడు తెలుగున చెప్పుకొనును. అది ఆతనికి చదువరాని లిపిలో వ్రాయబడును. క్రింద బొటనవ్రేలి ముద్ర వేయును. తాను ఫిర్యాదు చేసినాడో, నేరము ఒప్పుకొన్నాడో ఆతనికి తెలియుటకు మార్గమేది? 1948 సెప్టెంబరులో ఆ రాజ్యము అంతరించినది. 1951 ఏప్రిలు 1 నుండి భారత క్రిమినలు ప్రొసీజరు కోడు హైదరాబాదు రాష్ట్రమునకు వర్తించినది. 1984లో పటేలు, పట్వారీల పదవులు రద్దయినవి. పాలకులు మారిరి, చట్టములు మారినవి. కాని చదువనిదే సంతకము పెట్టు అలవాటు, చదివి వినిపింపకయే పెట్టించుకొను అలవాటు నేటికిని పోలేదు.

ఎఫ్.ఐ.ఆర్. దానమా, హక్కా?

ఫిర్యాదు తీసికొనుట పోలీసువారు చేయు దయ యని మన జనులనేకుల భ్రమ. ఇది పొరపాటు. వారంటు లేకుండ అరెస్టు చేయదగిన నేరమును గూర్చి సమాచారము వచ్చినచో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయక తప్పదని 2013 నవంబరు 12న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము లలితాకుమారి కేసులో తీర్పు చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షనులో మరికొన్ని మంచి మాటలు చేరినవి. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను, ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు చేయవచ్చును. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. ఎలక్ట్రానిక్ మార్గమున పంపి, మూడు దినములలో సంతకము చేయవచ్చును. నోటితో చెప్పినచో వ్రాసి, చదివి వినిపించి, సంతకము తీసికొనవలెను. ప్రతిని ఉచితముగా ఈయవలెను. ఠాణాలో నిరాకరించినచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలాలో వ్రాయవచ్చును. నస్పూరు వంటి చోట్ల ఆ బాధ్యత కమిషనరేటు అధికారులది. అచ్చటను ఫలించనిచో మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. 2016లో సుప్రీంకోర్టు మరియొక యాజ్ఞ నిచ్చినది: స్త్రీలపై లైంగిక నేరములవంటి సున్నితమైనవి తప్ప, మిగిలిన ఎఫ్.ఐ.ఆర్.లు 24 గంటలలో పోలీసు వెబ్‌సైటున నుంచవలెను.

ఇంత మేలు చేసిన చట్టమే మరియొక చేతితో కొంత తీసికొన్నది. మూడేండ్లు మొదలు ఏడేండ్ల లోపు శిక్షపడదగు నేరములలో, డి.ఎస్.పి. అనుమతితో, 14 దినములు ప్రాథమిక విచారణ జరిపి పిమ్మట నిశ్చయింపవచ్చునని అదే 173వ సెక్షను చెప్పుచున్నది. పైగా, రూ. 5,000 లోపు విలువగల వస్తువుల చిల్లర దొంగతనమును కొత్త చట్టములు పోలీసు తనంతట దర్యాప్తు చేయరాని నేరముల జాబితాలో చేర్చినవి. అట్టి ఫిర్యాదును పుస్తకమున వ్రాసి, ఫిర్యాదీని మేజిస్ట్రేటు వద్దకు పొమ్మనవలెను. ఆ డైరీని పదునైదు దినములకొకమారు మేజిస్ట్రేటునకు పంపవలెను. ధనవంతుని యింట రెండు లక్షల నగ పోయిన పోలీసు బయలుదేరును. కాంట్రాక్టు కూలీ నాలుగువేల ఫోను పోయిన, ఆతడు కూలి మానుకొని కోర్టు వెదకికొనవలెను. ఆ నాలుగువేలు ఆతనికి ఎన్ని షిఫ్టుల కష్టమో శాసనకర్తలు లెక్కించిరా? చిల్లర కేసుల బరువు తగ్గింపవలెనను సదుద్దేశము కావచ్చును. ఐనను బరువు తగ్గినది ఠాణాకు, పెరిగినది బీదవానికి.

గని మరణము, శవపంచనామా

బొగ్గు ప్రాంతమున శవపంచనామా యను మాట ప్రతి కుటుంబమునకు తెలిసినదే. 2021 నవంబరు 10న శ్రీరాంపురము ప్రాంతపు ఎస్.ఆర్.పి. 3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు మరణించిరి. ఇట్టి మరణములపై రెండు విధములైన వ్రాతలు పుట్టును. గనుల భద్రతా డైరెక్టరేటు జనరలువారు ప్రమాద కారణములను విచారింతురు. పోలీసువారు శవపంచనామా జరుపుదురు. సంహిత 194వ సెక్షను ననుసరించి, ఇరుగుపొరుగున నుండు ఇద్దరు లేక అంతకు మించిన పెద్దమనుష్యుల సమక్షమున శవమును పరీక్షించి, గాయములను వర్ణించి, మరణమునకు పైకి కనబడు కారణమును వ్రాసి, సంతకములు చేయించి, 24 గంటలలో మేజిస్ట్రేటునకు పంపవలెను.

ఈ పత్రము కొలది ప్రయోజనము గలదియే. మరణ మెట్లు సంభవించినట్లు కనబడుచున్నదో చెప్పుటయే దీని పని, దోషి యెవరో నిర్ణయించుట కాదు. 1975లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన యొక కేసులో సుప్రీంకోర్టు ఈ మాటనే చెప్పినది. ఐనను చనిపోయినవాని భార్యకు ఇది సామాన్యపు కాగితము కాదు. పరిహారము, బీమా, ఉద్యోగము, వీటన్నింటి దారి దీని మీదుగనే పోవును. గాయముల వర్ణనము అస్పష్టముగ నున్నచో, స్థలము, కాలము తప్పుగ పడినచో, ఆమె ఏండ్ల తరబడి కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును. పంచులుగా పిలువబడినవారు చదువక సంతకము పెట్టిన, తమ తోడి కార్మికుని బిడ్డల కూటిపై సంతకము పెట్టినట్లే.

రోడ్డు ప్రమాదముల సంగతియు నిట్టిదే. 2022 నుండి అమలులోనున్న కేంద్ర నియమముల ప్రకారము, దర్యాప్తు అధికారి 48 గంటలలో మొదటి ప్రమాద నివేదికను, 50 దినములలో మధ్యంతర నివేదికను, 90 దినములలో సవివర నివేదికను పరిహార ట్రిబ్యునలునకు సమర్పించవలెను. బాధితునకు ప్రతులు చేరవలెను. దళారుల ఇంటింటి తిరుగుళ్ల కిది మంచి మందు. కాని మందు ఉన్నదని రోగికి తెలియవలెను గదా!

ఎవరికిని కనబడని వ్రాతలు

కేసు డైరీ పోలీసువారి మనస్సాక్షి వంటిది. సంహిత 192వ సెక్షను ప్రకారము దర్యాప్తు అధికారి ఏ గంటకు బయలుదేరినదియు, ఏ గంటకు ముగించినదియు, ఎచ్చటికి పోయినదియు, ఏమి కనుగొన్నదియు దినదినము వ్రాయవలెను. అది పుటల సంఖ్య వేసిన సంపుటముగా నుండవలెను. న్యాయమూర్తి దానిని తెప్పించి చూడవచ్చును. సాక్ష్యముగా మాత్రము తీసికొనరాదు. పుటల సంఖ్య యేల యని యడుగవచ్చును. నడుమ కాగితము తీసి మరియొక కాగితము పెట్టుటకు వీలులేకుండుటకే. శాసనకర్త ఎవరిని దృష్టియందుంచుకొని ఆ మాట చేర్చెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతకంటె భయంకరమైనవి షీటులు. ఠాణాలో రౌడీషీటు తెరువబడినవాని పేరు ఏ న్యాయస్థానమును చూడదు. ఏ తీర్పును ఆతనిని దోషి యనదు. ఐనను ఎన్నికలు వచ్చిన, పండుగ వచ్చిన, మంత్రిగారి పర్యటన వచ్చిన, ఆతడు ఠాణాకు పోయి కూర్చుండవలెను. ఈ మాట పెద్ద చరిత్రకు తోక. 1871 నాటి నేరస్థ జాతుల చట్టముచే తెల్లదొరలు కొన్ని కులములను పుట్టుకతోనే దొంగలని వ్రాసిపెట్టిరి. గుంటూరు సీమలో స్టువర్టుపురము అట్టి యొక నిర్బంధ నివాసముగా వెలసినది. స్వతంత్ర భారతము 1952లో ఆ చట్టమును రద్దుచేసినది. కాని కాగితము రద్దయినంత త్వరగా మనస్సులోని పట్టిక రద్దు కాదు. పోలీసు చరిత్రపత్రములు కులము ననుసరించియో, యాంత్రికముగనో తెరువరాదనియు, మైనరుల వివరములు బయటపడరాదనియు 2024 మే నెలలో సుప్రీంకోర్టు హెచ్చరించి, అన్ని రాష్ట్రములును తమ పద్ధతులను పరిశీలించుకొనవలెనని చెప్పవలసివచ్చినది. డెబ్బది యేండ్ల పిదపను ఈ హెచ్చరిక యవసరమగుట మనకు గౌరవము కాదు.

ఒకే నెలలో రెండు కథలు

ఈ వ్రాతలు నిజముగా న్యాయమును పుట్టింపగలవా యని అడుగువారికి 2019వ సంవత్సరము సమాధానము చెప్పును. ఆ నవంబరు 24న పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిదైన ఆసిఫాబాదు జిల్లా లింగాపూర్ మండలమున, ఊరూరు తిరిగి చిన్నచిన్న వస్తువులమ్ముకొని జీవించు నొక దళిత స్త్రీ అత్యాచారమునకు గురియై చంపబడినది. పోలీసువారు ఆమెకు సమత యని పేరిడిరి. మూడు దినముల పిమ్మట, నవంబరు 27న శంషాబాదు వద్ద నొక యువ పశువైద్యురాలు అట్టి దారుణమునకే బలియైనది. ఆమెకు దిశ యని పేరిడిరి. దేశమంతయు రెండవ దానికై అట్టుడికినది. మొదటిదానిని తలచినవారు తక్కువ.

దిశ విషయమున కుటుంబమువారు ఆ రాత్రి ఫిర్యాదు చేయబోగా జాప్యము జరిగినదని ఆరోపణ రాగా, ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండు చేయబడిరి. డిసెంబరు 6న నలుగురు నిందితులు చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పులలో మరణించిరి. ఆయుధములు లాగుకొని తిరుగబడగా ఆత్మరక్షణార్థము కాల్పవలసి వచ్చినదని పోలీసు కథనము. జనులు పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కరు సంఘము ఆ కథనమును నమ్మలేదు. మరణింపవలెనను ఉద్దేశముతోనే కాల్పులు జరుపబడినవనియు, మృతులలో ముగ్గురు మైనరులనియు, పదిమంది పోలీసులను విచారింపవలెననియు అభిప్రాయపడినది. ఆ నివేదిక 2022 మే నెలలో వెల్లడియైనది. సంఘపు అభిప్రాయము న్యాయస్థానపు తీర్పు గాదు. ఆ పోలీసులకును చట్టరక్షణ కలదు. ఐనను ఒక ప్రశ్న మిగిలినది. ఆ నలుగురే దోషులా? మరెవరైనను కలరా? దీనికి న్యాయస్థానము సమాధానము చెప్పు నవకాశము ఆ తెల్లవారుజామున పోయినది.

సమత విషయమున జరిగినది వేరు. తుపాకి పేలలేదు. కాగితములు నడచినవి. ఎఫ్.ఐ.ఆర్., పంచనామాలు, వాఙ్మూలములు, వైజ్ఞానిక పరీక్షల నివేదికలు ఒకదానివెంట నొకటి కూర్చబడి, డిసెంబరు నడిమికే ఛార్జిషీటు దాఖలైనది. 2020 జనవరి 30న, డెబ్బది దినములు నిండకమునుపే, ఆదిలాబాదు ప్రత్యేక న్యాయస్థానము ముగ్గురు నిందితులను దోషులుగా నిర్ణయించి మరణశిక్ష విధించినది. మరణశిక్ష తగునా తగదా యనునది వేరు చర్చ. మన మిచ్చట గ్రహింపవలసినది ఇది: బీదస్త్రీకి, అరణ్య ప్రాంతమున, పెద్ద ఆందోళనము లేకయే, సక్రమముగా వ్రాయబడిన కాగితములు న్యాయమును తెచ్చిపెట్టగలిగినవి. చట్టము మెల్లగా నడచునని విసిగి తుపాకిని పొగడువారు ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొందురుగాక.

కాగితము లేని చావులకు లెక్కయు నుండదు. 1981 ఏప్రిలు 20న ఇదే పూర్వపు ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో గోండు ప్రజల సభపై పోలీసు కాల్పులు జరిగినవి. మృతులు 13 మంది యని ప్రభుత్వము చెప్పినది. అంతకు అనేక రెట్లని పౌరహక్కులవారు చెప్పిరి. నలువదేండ్లు దాటినను ఆ సంఖ్యపై ఏకాభిప్రాయము లేదు. ప్రతి మృతునకును నిష్పక్షపాతమైన శవపంచనామా, ప్రతి కుటుంబమునకును ఒక ప్రతి యుండినచో ఈ సందేహమునకు తావెక్కడిది? ఎదురుకాల్పుల మరణములలో తప్పక ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి, వేరొక ఠాణా లేక సి.ఐ.డి. వారిచే దర్యాప్తు జరిపింపవలెనని 2014లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. కాల్చినవారే వ్రాసికొనిన కథ చాలదని దీని సారాంశము.

ఎదుటి పక్షము

పోలీసువారి పక్షమునను చెప్పదగినది కలదు. ఠాణాలో జనము తక్కువ, బందోబస్తులు ఎక్కువ. పగలంతయు సభలకు కాపలా కాసిన అధికారి రాత్రి కూర్చుండి డైరీ వ్రాయవలెను. పొలముగట్టు తగాదాలో ప్రతిపక్షిని వేధించుటకు తప్పుడు ఫిర్యాదులు పెట్టువారును మనలోనే యున్నారు. నమోదైన కేసుల సంఖ్య పెరిగిన, ఆ ఠాణాలో శాంతిభద్రతలు క్షీణించినవని పైవారు, పత్రికలవారు, ప్రతిపక్షమువారు ఒక్కుమ్మడి విరుచుకొనిపడుదురు. వ్రాయకున్న పేరు వచ్చునపుడు, వ్రాసిన చెడ్డపేరు వచ్చునపుడు, రైటరు కలము తడబడుటలో వింత యేమున్నది? ఈ దోషమున మన పత్రికలకును పాలు కలదు. నమోదైన కేసులు పెరిగిన ఠాణాను నిందించుటకు ముందు, అచ్చట నేరములు పెరిగినవా, లేక ఫిర్యాదులు నిజాయితీగా తీసికొనబడుచున్నవా యని విచారించుట మన ధర్మము.

సక్రమమైన వ్రాత నిజాయితీగల పోలీసునకును కవచమే. తప్పుడు ఆరోపణ వచ్చినపుడు ఆతనిని కాపాడునది గంట, నిముసము వేసిన డైరీ మాత్రమే. సోదాలను, స్వాధీనములను ధ్వనితో కూడిన చిత్రములుగా తీయవలెనను కొత్త నిబంధనయు ఇరుపక్షములకు మేలే. తప్పుడు ఫిర్యాదునకు మందు నమోదు నిరాకరణము కాదు. నమోదుచేసి, దర్యాప్తుచేసి, అబద్ధమని తుది నివేదికలో వ్రాయుటయే. అట్లు మూసివేసినపుడును ఫిర్యాదీకి తెలిపి ఆతని మాట వినవలెనని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పినది.

చేయవలసినది

క్రొత్త చట్టములు రావలెనని మన మడుగుట లేదు. ఉన్నవి నడువవలెనని యడుగుచున్నాము. మొదటిది భాష. 2025 నవంబరు 6న సుప్రీంకోర్టు, అరెస్టు కారణములను పట్టుబడినవానికి తెలిసిన భాషలో వ్రాతపూర్వకముగా ఈయవలెనని తీర్పు చెప్పినది. ఆ న్యాయము ముద్దాయికి తగినప్పుడు ఫిర్యాదీకి తగదా? ఠాణాలో ప్రజలు సంతకము పెట్టు ప్రతి కాగితమును తెలుగున నుండవలెను. గోండి, ఉర్దూ, హిందీ మాటలాడు వారికి వారి భాషలో వినిపింపవలెను. 2023లో తెలంగాణ హైకోర్టే ఒక తీర్పును తెలుగున వెలువరించినది. హైకోర్టునకు సాధ్యమైనది ఠాణాకు అసాధ్యమా? రెండవది, వ్రాసినది చదివి వినిపించిన పిమ్మటనే సంతకము, సంతకము పిమ్మట వెంటనే ప్రతి. మూడవది, 14 దినముల ప్రాథమిక విచారణకు పంపిన ఫిర్యాదులెన్ని, అందు నమోదైనవెన్ని యను లెక్క నెలకొకమారు ప్రకటింపవలెను. నాలుగవది, దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో 90 దినములలో ఫిర్యాదీకి తెలుపవలెనను 193వ సెక్షను మాట కాగితమునకే పరిమితము కారాదు.

ప్రజల కర్తవ్యమును కలదు. కార్మిక సంఘములు బోనసు లెక్కలు నేర్పినట్లే ఈ పత్రముల సంగతియు నేర్పవలెను. గని గేటు సమావేశమున అరగంట చాలును. చదువక సంతకము పెట్టకుడు. తెల్లకాగితముపై సంతకము పెట్టనే పెట్టకుడు. చెప్పిన మాట చెప్పినట్లు వ్రాసిరా యని చూడుడు. ఫిర్యాదు ఇచ్చిన తేది, వేళ గుర్తుంచుకొనుడు. ప్రతి అడుగుడు; ఈయనిచో తపాలాలో వ్రాయుడు. దీనికి ధైర్యముకంటె తెలివి యెక్కువ కావలెను, తెలివికంటె ఓపిక యెక్కువ కావలెను.

స్వరాజ్యము వచ్చినదని మనము 1947లో పతాకము నెగురవేసితిమి. ఈ సీమలో మరియొక యేడాది ఆగి 1948లో నెగురవేసితిమి. ఆ స్వరాజ్యము నస్పూరు కూలివానికి చేరినదా లేదా యని తెలిసికొనుటకు శాసనసభకు పోనక్కరలేదు. ఆతడు ఒక రాత్రివేళ ఠాణాకు పోయి, తన మాట తన భాషలో తాను చెప్పినట్లే వ్రాయించుకొని, ప్రతి చేతపట్టుకొని భయము లేక ఇంటికి రాగలిగినచో, స్వరాజ్యము వచ్చినదని యొప్పుకొందము. అంతవరకు ఈ పని మిగిలియున్నదనియే మన యభిప్రాయము.